బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌కు ప్రైవసీ పాలసీ: నమూనా, జనరేటర్, సొంత రాత, న్యాయవాది – ఏది ఎవరికి సరిపోతుంది?

నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల్లోని ఇంజినీరింగ్ విద్యార్థులు, ఇంటి నుంచే పనిచేసుకునే చిన్న డెవలపర్లు బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనపు పనులు జోడించే చిన్న ప్రోగ్రాం) తయారుచేసి స్టోర్‌లో పెట్టాలనుకున్నప్పుడు, కోడ్ రాయడంలో రాని చిక్కు ప్రైవసీ పాలసీ (వాడేవారి సమాచారంతో ఏం చేస్తామో చెప్పే పత్రం) దగ్గర వస్తుంది. క్రోమ్ వెబ్ స్టోర్‌కు ఒక్కసారి కట్టవలసిన 5 డాలర్ల రుసుము కట్టి, బొమ్మలూ వివరణా ఎక్కించాక, పాలసీ పేజీ చిరునామా అడిగే గడి ఎదురవుతుంది. అక్కడ నాలుగు దారులున్నాయి: ఎక్కడో ఉన్న నమూనాను తెచ్చుకోవడం, ప్రశ్నలు అడిగి పాలసీ తయారుచేసి ఇచ్చే జనరేటర్‌ను వాడడం, సొంతంగా రాసుకోవడం, న్యాయవాది చేత రాయించడం. ఈ నాలుగింటిలో ఏది మంచిదన్నది డెవలపర్ స్తోమతను బట్టి కాక, వాడేవారి కంప్యూటర్ దాటి ఏ సమాచారం బయటికి వెళుతోంది అన్నదాన్ని బట్టి తేలాలని నా అభిప్రాయం. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

పోలికకు వీలుగా మూడు ఎక్స్‌టెన్షన్లను ఊహించుకుందాం. మొదటిది కావలి విద్యార్థి ఒకరు చేసిన తెలుగు అక్షరదోషాల సవరణ ఎక్స్‌టెన్షన్. పని అంతా వాడేవారి కంప్యూటర్‌లోనే జరుగుతుంది. రెండవది నెల్లూరు జిల్లా రొయ్యల రైతుల కోసం కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) వారీగా రోజువారీ ధరలు చూపించేది. దీనికి సొంత సర్వర్, ఈమెయిల్‌తో లాగిన్, ధర మారినప్పుడు హెచ్చరిక ఉన్నాయి. మూడవది కనిగిరిలోని ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు వాడే ఫారం నింపే ఎక్స్‌టెన్షన్. స్కాలర్‌షిప్‌కో, ధ్రువపత్రానికో వచ్చినవారి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోన్ నంబరు ఒకసారి టైపు చేస్తే మిగిలిన పేజీల్లో అదే నింపుతుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు చూడవలసింది పాలసీలోని మాట కోడ్‌తో సరిపోతోందా అన్నది. పాలసీ ఎంత చక్కగా ఉన్నా, ఎక్స్‌టెన్షన్ చేస్తున్న పని వేరొకటైతే అది వాడేవారికి చెప్పిన అబద్ధమే అవుతుంది. క్రోమ్ డెవలపర్ డ్యాష్‌బోర్డులో ప్రైవసీకి సంబంధించిన భాగం ఒకటి ఉంది. ఎక్స్‌టెన్షన్ ఏకైక ప్రయోజనం ఏమిటో, ప్రతి అనుమతీ ఎందుకు కావాలో, బయటి నుంచి కోడ్ తెచ్చుకుంటోందా లేదా అన్నదీ అక్కడ రాయాలి, వ్యక్తిగత గుర్తింపు వివరాలు, ఆరోగ్యం, ఆర్థిక సమాచారం, లాగిన్ వివరాలు, సంభాషణలు, స్థానం, బ్రౌజింగ్ చరిత్ర వంటి వర్గాల్లో వేటిని తీసుకుంటున్నారో గుర్తు పెట్టాలి. ఆ జవాబులు, పాలసీ, కోడ్ – మూడూ ఒకే మాట చెప్పాలి. వీటిలో ఒకటి తప్పినా ఎక్స్‌టెన్షన్ తిరస్కరణకు గానీ తొలగింపునకు గానీ గురికావచ్చు.

రెండవది, చదివేవారికి అర్థం కావడం. కోవూరు దగ్గర చెరువు గట్టు మీద ధర చూసుకునే రైతుకు పన్నెండు పేజీల ఇంగ్లీషు పాలసీ ఏమీ చెప్పదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది: సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. ఈ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతి, నోటీసులకు చెందిన ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమలులోకి వస్తాయి. ఈలోగా సిద్ధం కావడానికి వ్యవధి ఉంది కాబట్టి, ఇప్పుడు పాలసీ రాసేవారు ఆ నియమాలకు తగినట్టే రాసుకోవడం తెలివైన పని. ఏ డేటా తీసుకుంటున్నారో అంశాల వారీగా, ఎందుకు తీసుకుంటున్నారో విడివిడిగా, సమ్మతిని ఎలా వెనక్కి తీసుకోవచ్చో సులభంగా తెలిసేటట్టు చెప్పాలన్నది వాటి సారాంశం.

మూడవది స్టోర్ల మధ్య తేడా. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ డేటాను ఎలా వాడుకుంటుందనే దాన్ని విస్తృతంగా అడుగుతుంది; ఫైర్‌ఫాక్స్ ప్రధానంగా ఎక్స్‌టెన్షన్‌ను, బ్రౌజర్‌ను దాటి బయటికి వెళ్ళేదాన్ని పట్టించుకుంటుంది. 2025 నవంబరు 3 నుంచి ఫైర్‌ఫాక్స్‌లో కొత్తగా పెట్టే ఎక్స్‌టెన్షన్లు ఏ డేటా సేకరిస్తాయో మానిఫెస్ట్ ఫైలులోనే (ఎక్స్‌టెన్షన్ పేరు, అది అడిగే అనుమతులు రాసి ఉండే ఫైలు) ప్రకటించాలి. ఏమీ సేకరించకపోతే ఆ సంగతి కూడా అక్కడే రాయాలి. అందువల్ల రెండు స్టోర్లలో పెట్టదలచినవారి పాలసీలో కంప్యూటర్‌లో ఉండిపోయేది, బయటికి వెళ్ళేది అని రెండు భాగాలు విడిగా ఉంటే పని తేలికవుతుంది.

పాలసీని అప్‌డేట్ చేయడం ఎంత సులభం అన్నది నాలుగవది. ఖర్చును నేను చివర పెడతాను, ఎందుకంటే చౌకగా వచ్చిన తప్పు పాలసీ తర్వాత ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది.

ఏ దారికైనా ముందు చేయవలసిన పని

జనరేటర్ వాడినా, న్యాయవాదిని కలిసినా, ముందు మీ చేతిలో డేటా పట్టిక ఒకటి ఉండాలి. మానిఫెస్ట్ ఫైలు తెరిచి ప్రతి అనుమతి ఎదురుగా ఏ సమాచారం, ఎందుకు, ఎక్కడ ఉంటుంది, ఎంతకాలం, ఎవరికి చేరుతుంది అన్న అయిదు సంగతులు రాసుకోవాలి. ఈ పని చేస్తున్నప్పుడే చాలా అనుమతులు అక్కరలేదని తెలిసిపోతుంది. ఉదాహరణకు అక్షరదోషాల ఎక్స్‌టెన్షన్ అన్ని వెబ్‌సైట్లలోకీ వెళ్ళే అనుమతి అడిగితే, మీరు చూసే అన్ని సైట్లలోని డేటాను ఇది చదవగలదు, మార్చగలదు అన్న హెచ్చరిక వాడేవారికి కనిపిస్తుంది. దాని బదులు యాక్టివ్‌ట్యాబ్ అనుమతి తీసుకుంటే, వాడేవారు తామే ఎక్స్‌టెన్షన్ గుర్తు నొక్కినప్పుడు, అప్పుడు తెరిచి ఉన్న పేజీ వరకే ప్రవేశం దొరుకుతుంది. పాలసీలో రెండు పేరాలు రాయవలసిన చోట ఒక వాక్యం సరిపోతుంది.

నిల్వ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. క్రోమ్‌లో స్టోరేజ్ లోకల్ వాడితే సమాచారం ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ తీసివేస్తే అదీ పోతుంది. స్టోరేజ్ సింక్ వాడితే, సింక్ పెట్టుకున్నవారి విషయంలో అదే సమాచారం వారి గూగుల్ ఖాతా ద్వారా మిగతా పరికరాలకు చేరుతుంది. దాదాపు 100 కేబీ మాత్రమే పట్టే ఆ చిన్న చోటు కోసం, మీ డేటా మీ కంప్యూటర్ దాటి వెళ్ళదు అన్న వాక్యం తప్పైపోతుంది. ఈ తేడా కోడ్ రాసినవారికే తెలుస్తుంది. ఏ నమూనా, ఏ జనరేటర్ దీన్ని అడగదు.

కోడ్‌లో నేరుగా కనిపించని దారులనూ పట్టికలో చేర్చాలి. లోపాల నివేదికలు పంపే సేవ, వాడకం లెక్కలు చూసే అనలిటిక్స్, బయటి సర్వర్ నుంచి వచ్చే ఫాంటు, సర్వర్ లాగ్‌లో నమోదయ్యే ఐపీ అడ్రసు – ఇవన్నీ బయటికి వెళ్ళే సమాచారమే.

మొదటి దారి: నమూనా తెచ్చుకోవడం

మరొక ఎక్స్‌టెన్షన్ పాలసీని దించుకుని పేరు మార్చడం అన్నిటికంటే తొందరగా అయ్యే పని, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ అదే. ఇందులో ఇతరుల రచనను వాడుకోవడమనే తప్పుతో పాటు, మీరు చేయని వాగ్దానాలు మీ పేరున చేరిపోతాయి. ముప్పై రోజుల్లో డేటా తొలగిస్తామని ఆ నమూనాలో ఉంటే, మీ సర్వర్‌లో అలా తొలగించే ఏర్పాటు ఉండాలి. లేకపోతే ఆ మాట మీ మీదికే వస్తుంది.

నమూనాను శీర్షికల క్రమం చూసుకోవడానికి మాత్రం నిశ్చింతగా వాడవచ్చు.

రెండవ దారి: జనరేటర్లు, ఏఐ సాధనాలు

ప్రశ్నలకు జవాబిస్తే పాలసీ చేతికిచ్చే సైట్లు ఎక్కువగా వెబ్‌సైట్లను, దుకాణాలను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. కుకీలు వాడతారా, వార్తాలేఖ పంపుతారా అని అడుగుతాయి గాని, మీ ఎక్స్‌టెన్షన్ పేజీలోని రాతను చదువుతుందా, ట్యాబుల చిరునామాలు చూస్తుందా అన్నది సాధారణంగా అడగవు. అందుచేత వచ్చే పాలసీ పొడుగ్గా ఉండి, అసలు సంగతి దగ్గర ఖాళీగా ఉంటుంది. ఏఐ సాధనాలతో మరో చిక్కు ఉంది: అడిగిన దాన్ని నిండుగా రాయాలనే తొందరలో అవి మీ ఎక్స్‌టెన్షన్‌లో లేని ఎన్‌క్రిప్షన్‌ను (ఇతరులు చదవలేని సంకేతాలుగా డేటాను మార్చి దాచడాన్ని), లేని డేటా పరిరక్షణ అధికారిని, జరగని తనిఖీని కూడా రాసిపెడతాయి. పై పట్టికను ముందే ఇచ్చి, ఇందులో లేనిది ఒక్కటీ చేర్చవద్దని చెప్పి రాయించుకుంటే కొంత మేలు. అయినా ప్రతి వాక్యాన్నీ కోడ్ పక్కన పెట్టి చదవవలసిందే.

రొయ్యల ధరల ఎక్స్‌టెన్షన్ వంటి, లాగిన్, ఈమెయిల్ ఉన్న మధ్యరకం వాటికి జనరేటర్ ఒక ముసాయిదా ఇస్తుంది. యూరప్‌లోని వారిని కూడా వాడుకరులుగా తీసుకోదలచినవారికి ఇది మరికొంత ఉపయోగం, ఎందుకంటే 2018 మే 25 నుంచి అమలులో ఉన్న జీడీపీఆర్ (యూరోపియన్ యూనియన్ డేటా పరిరక్షణ చట్టం) అడిగే అంశాలు – డేటాకు బాధ్యులెవరు, ఏ చట్టబద్ధమైన ఆధారంతో తీసుకుంటున్నారు, ఎవరికి ఇస్తారు, ఎంతకాలం ఉంచుతారు, వాడుకరి హక్కులేమిటి – వీటిని మంచి జనరేటర్లు మరిచిపోకుండా గుర్తుచేస్తాయి.

మూడవ దారి: సొంతంగా రాయడం

ఎక్కువమందికి నేను ఇచ్చే సలహా ఇదే. సొంతంగా రాసేవారు చట్టం భాషను అనుకరించబోయి చెడగొట్టుకుంటారు; ఆ అవసరం లేదు. ఎవరు, ఏమిటి, ఎందుకు, ఎక్కడ, ఎంతకాలం, ఎవరికి, ఎలా తీసివేయించుకోవాలి – ఈ ప్రశ్నలకు ఒక్కొక్క పేరా చాలు.

మీ అనుభవాన్ని మెరుగుపరచేందుకు కొంత సమాచారాన్ని సేకరించవచ్చు అన్న వాక్యం చూడండి. ఏ సమాచారమో లేదు, సేకరిస్తారో లేదో తేలలేదు, ఎందుకో తెలియదు. అక్షరదోషాల ఎక్స్‌టెన్షన్‌కు ఇలా రాయవచ్చు: "మీరు సరిచూడమన్న వాక్యాలు మీ కంప్యూటర్‌లోనే పరిశీలనకు వస్తాయి. అవి మాకు గాని మరెవరికి గాని చేరవు. మీరు నిఘంటువుకు చేర్చిన పదాలు ఈ బ్రౌజర్‌లో నిల్వ ఉంటాయి. ఎక్స్‌టెన్షన్‌ను తీసివేస్తే అవి కూడా తొలగిపోతాయి." దీన్ని కోడ్‌తో సరిచూడడం ఎవరికైనా సాధ్యమే. రొయ్యల ధరల దానికి: "హెచ్చరిక పంపడానికి మీ ఈమెయిల్‌ను, మీరు ఎంచుకున్న కౌంట్‌ను మా సర్వర్‌లో ఉంచుతాము. ఖాతా తొలగించమని మీరు కోరిన తర్వాత ఆ రెండూ చెరిపివేస్తాము. మీరు చూసే ఇతర వెబ్‌సైట్లను ఈ ఎక్స్‌టెన్షన్ చదవదు." చివరి వాక్యం నిజం కావాలంటే మానిఫెస్ట్‌లో అన్ని సైట్ల అనుమతి ఉండకూడదు. పాలసీ రాయడం కోడ్‌ను కూడా సరిదిద్దేది ఇలాంటి చోట్లే.

ఎక్స్‌టెన్షన్ వాడుకరి డేటాను చేతిలోకి తీసుకునేదైతే, క్రోమ్ పరిమిత వినియోగ నిబంధనలకు కట్టుబడి ఉన్నామన్న ప్రకటన కూడా ఉండాలి. ఆ నిబంధనల ప్రకారం డేటాను ఎక్స్‌టెన్షన్ ఏకైక ప్రయోజనానికే వాడాలి, వ్యక్తిగత ప్రకటనల కోసం వాడకూడదు, డేటా వ్యాపారులకు అమ్మకూడదు, వాడుకరి సమ్మతి, భద్రత, చట్టం వంటి మినహాయింపులు లేనిదే మనుషులు దాన్ని చదవకూడదు.

సొంత రాతలో లోపం ఏమిటంటే, మనకు తెలియని బాధ్యత మన పాలసీలోకి రాదు. పిల్లల విషయం దీనికి ఉదాహరణ. మన చట్టం 18 ఏళ్ళ లోపువారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి డేటాకు తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి కావాలి, వారి ప్రవర్తనను వెంబడించి గమనించడం నిషిద్ధం. పదో తరగతి, ఇంటర్ విద్యార్థుల కోసం ఎక్స్‌టెన్షన్ చేసి లాగిన్ పెట్టేవారు సొంత రాతతో సరిపెట్టుకోకూడదు.

నాలుగవ దారి: న్యాయవాది

డబ్బు చెల్లింపులు, ఆరోగ్యం, పిల్లలు, ఇతరుల గుర్తింపు వివరాలు – వీటిలో ఏది ఉన్నా న్యాయవాది సలహా తీసుకోవాలి. సివిల్, క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదులందరికీ డేటా చట్టంతో పరిచయం ఉండాలని లేదు కనుక, ఆ పని చేసేవారినే వెతకాలి; ఒంగోలులోనో నెల్లూరులోనో దొరకకపోతే దూరంగా ఉన్నవారితో ఫోన్‌లో మాట్లాడి రాయించుకోవచ్చు. డేటా పట్టికను, మీరు రాసుకున్న ముసాయిదాను ముందే ఇస్తే వారి సమయం, మీ ఖర్చు రెండూ తగ్గుతాయి. వారు రాసినది మీకే అర్థం కాకపోతే సులువుగా మార్చమని అడగడానికి మొహమాటపడవద్దు. మన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కింద డేటాకు తగిన భద్రత కల్పించకపోవడానికి జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల వరకు ఉంది. చిన్న డెవలపర్ మీద అంత పడుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు, చట్టం ఈ బాధ్యతను ఎంత బరువుగా చూస్తోందో తెలియడానికి చెబుతున్నాను.

| దారి | కోడ్‌తో సరిపోలడం | చదివేవారికి అర్థం కావడం | అప్‌డేట్ | ఖర్చు |
|---|---|---|---|---|
| నమూనా | చాలా అరుదు | తరచూ కష్టం | ఏది మార్చాలో తెలియదు | లేదు |
| జనరేటర్, ఏఐ | సరిచూస్తేనే | పొడుగు ఎక్కువ | మళ్ళీ మొదటి నుంచి | ఉచితం నుంచి చందా వరకు |
| సొంత రాత | అన్నిటికంటే బాగా | బాగా, తెలుగులోనూ సాధ్యం | సులభం | సమయం మాత్రమే |
| న్యాయవాది | పట్టిక ఇస్తే బాగా | అడిగితే బాగా | ప్రతిసారీ వారిని అడగాలి | ఎక్కువ |

ఎవరికి ఏది

అక్షరదోషాల ఎక్స్‌టెన్షన్ వంటిది చేసే విద్యార్థి సొంతంగా అరపేజీ రాసుకుంటే చాలు. డేటా బయటికి వెళ్ళకపోయినా పాలసీ పెట్టడం మంచిది, ఎందుకంటే పేజీలోని రాతను చదివే ఎక్స్‌టెన్షన్‌ను వాడేవారు అనుమానించడం సహజం.

రొయ్యల ధరల ఎక్స్‌టెన్షన్‌కు సొంత రాతను ముఖ్యంగా ఉంచుకుని, మరిచిపోయినవి చూసుకోవడానికి జనరేటర్‌ను పక్కన పెట్టుకోవాలి. ఇక్కడ తెలుగు పాలసీయే ముందు కనబడాలి, ఇంగ్లీషుది దాని కింద. రెండింటి మధ్య తేడా వస్తే ఏది ప్రమాణమో ఒక వాక్యంలో చెప్పాలి. స్టోర్ పరిశీలకులు ఇంగ్లీషు ప్రతినే చదివే అవకాశం ఉంది కనుక ఆ రెంటినీ ఒకే రోజు మార్చడం అలవాటు చేసుకోవాలి.

నెట్ సెంటర్ ఎక్స్‌టెన్షన్ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఇక్కడ ఎక్స్‌టెన్షన్ వాడేది నిర్వాహకుడు, డేటా మాత్రం కౌంటరు ముందు నిలబడిన వృద్ధురాలిదో, కళాశాల విద్యార్థిదో. పాలసీకి సరేనన్నది ఒకరు, వివరాలు పోయేది మరొకరివి. సొంత ఇంటి అవసరాలకు వాడుకునే డేటాకు చట్టం ఇచ్చే మినహాయింపు వ్యాపారం చేసే నిర్వాహకుడికి వర్తించదు. అందుకని పాలసీ ఎలా రాయాలన్నదాని కంటే ముందు, ఏమేమి నిల్వ చేయకూడదన్నది తేల్చుకోవాలి. క్రోమ్ స్టోరేజ్ లోకల్‌లో పెట్టిన సమాచారం ఎన్‌క్రిప్ట్ కాదు కనుక ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వంటివి అందులో పెట్టడం తగదు. స్టోరేజ్ సెషన్ వాడితే వివరాలు మెమరీలోనే ఉండి బ్రౌజర్ మూసేసరికి పోతాయి. ఒక మనిషి ఫారం పూర్తికాగానే చెరిపేసే బటన్ కూడా ఇవ్వాలి. అప్పుడు పాలసీలో ఈ వివరాలు ఈ ఫారం పూర్తయ్యేవరకే ఉంటాయి, ఏ సర్వర్‌కూ మేము పంపము అని ధైర్యంగా రాయవచ్చు. దానితో పాటు, నిర్వాహకుడు కౌంటరు దగ్గర అతికించుకోవడానికి వీలుగా నాలుగు తెలుగు వాక్యాల నోటీసు ఒకటి ఇస్తే, డేటా ఎవరిదో వారికి కూడా విషయం చేరుతుంది. వివరాలను సర్వర్‌లో దాచి రేపు మళ్ళీ వాడుకునేటట్టు చేయాలనుకుంటే మాత్రం న్యాయవాది లేకుండా ముందుకు వెళ్ళవద్దు.

పెట్టిన తర్వాత

పాలసీ పేజీ లాగిన్ అడగకుండా అందరికీ తెరుచుకోవాలి. గిట్‌హబ్ పేజీ గానీ గూగుల్ సైట్ గానీ సరిపోతుంది. కళాశాల ఇచ్చిన ఖాతాలో పెడితే చదువు అయిపోయాక ఆ ఖాతాతో పాటు లింకు పోయే అవకాశం ఉంది కనుక సొంత ఖాతా మంచిది. సంప్రదించడానికి ఇచ్చే ఈమెయిల్ కూడా రోజూ చూసేదై ఉండాలి.

కొత్త అనుమతి చేర్చిన ప్రతిసారీ ముందు డేటా పట్టిక, తర్వాత పాలసీ, ఆ తర్వాత డ్యాష్‌బోర్డు జవాబులు, చివరికి ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్ అన్న క్రమం పాటించాలి. కొత్త హెచ్చరిక అవసరమయ్యే అనుమతి చేర్చినప్పుడు, వాడుకరి ఒప్పుకునేవరకు క్రోమ్ ఆ ఎక్స్‌టెన్షన్‌ను ఆపి ఉంచుతుంది. ఆ సమయంలో పాలసీ పేజీకి వచ్చి చదివేవారు మామూలు కంటే ఎక్కువ ఉంటారు కాబట్టి, ఏమి మారింది, ఎందుకు మారింది అన్నది పేజీ మొదట్లోనే తేదీతో సహా రెండు వాక్యాల్లో ఉండాలి, పాత ప్రతులను కింద లింకులుగా అలాగే ఉంచాలి.